సిపాయి సమాధి మీద సున్నం

మొన్న శనివారం ఉదయం తొమ్మిదీ పదికి చిలకలూరిపేటలో ఒక హార్డ్‌వేర్ కొట్టు ముందు నిలబడి గుల్లసున్నం ఉందా అని అడిగాను. కొట్టతను అప్పుడే షట్టరు ఎత్తి దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగిస్తున్నాడు. తాంబూలంలోకా అన్నాడు. కాదు, వెల్ల వేయడానికి అన్నాను. ఇంటి గోడలకైతే ఎమల్షన్ ఉందనీ, ప్రహరీకైతే వానకు తట్టుకునే ఇంకో రకం ఉందనీ డబ్బాలు దించి చూపించాడు. గోడకు కాదు, సమాధికి అని చెప్పాల్సి వచ్చింది. అతను నన్ను ఒకసారి కిందనుంచి పైకి చూసి, "సమాధికి సున్నమేందండీ మాస్టారూ, శుభ్రంగా టైల్స్ వేయించుకోక" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఈ చుట్టుపక్కల గుల్లసున్నం అమ్మడం ఎప్పుడు మానేశారో నాకే గుర్తులేదు. చివరికి పక్కనున్న కిళ్ళీకొట్లో తాంబూలం సున్నం డబ్బాలు ఉన్నవన్నీ కొన్నాను. కిళ్ళీకొట్టతను ఏమీ అడగలేదు కానీ, చిల్లర ఇస్తూ నా పళ్ళ వంక చూశాడు.

మా మేనత్త ఈ జూలైలో పోయింది. తొంభై నిండాయని మేం, నిండలేదని ఆవిడ, ఆ తగువు తేలకుండానే పోయింది. ఆవిడ లేకుండా ఇది మొదటి సమాధుల పండగ. మా క్రైస్తవ పల్లెల్లో నవంబరు రెండో తేదీన చేస్తారు. నాలుగు రోజుల ముందు నుంచీ శ్మశానంలో కలుపు పీకి, ఎవరి సమాధులకు వాళ్ళు సున్నం వేసుకుని, ఆ సాయంత్రం బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. అయ్యగారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేస్తారు. ఆ వారమంతా ఊళ్ళో మనుషులు ఒకరినొకరు పలకరించుకునే మాట ఒకటే: "మీవాళ్ళకి వేశారా?" ఏమిటి వేయడం అని ఎవరూ అడగరు. అన్నం తిన్నారా అన్నట్టే అది.

నా చిన్నప్పుడు ఆ సున్నం కొత్తపట్నం వైపు నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేది. సముద్రపు గుల్లలు బట్టీలో కాల్చిన సున్నం. బండివాడు వీధి మొదట్లో కేకేస్తే ఆడవాళ్ళు చాటలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. కుండలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికి, ఆవిరి ముక్కుకు ఎక్కేది. అది చల్లారేదాకా అత్త మమ్మల్ని ఆ ఛాయలకు రానిచ్చేది కాదు. తరవాత పాత పంచెముక్కలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపేది. ఊళ్ళో ఇంకెవరూ సమాధుల సున్నంలో నీలిమందు కలిపేవాళ్ళు కాదు, దండగ అనేవాళ్ళు. అత్త తెల్లచీరలే కట్టేది కాబట్టి ఇంట్లో నీలిమందు ఎప్పుడూ ఉండేది. ఆవిడ చీరలకూ, ఆవిడ వేసే సమాధికీ ఒకే పొట్లం. ఎండలో ఆ సమాధి మిగతావాటికంటే తెల్లగా, కొంచెం నీలంగా దూరం నుంచే కనపడేది.

అది ఎవరి సమాధో చెప్పాలి. అంతకన్నా ముందు మామయ్య గురించి చెప్పాలి. అత్త భర్త నేను పుట్టకముందే సైన్యంలోకి వెళ్ళాడు. గుంటూరులో మిరపకాయల టిక్కీలు, అంటే నిండు గోనెబస్తాలు, మోసేవాడట. పెద్ద యుద్ధం రోజుల్లో మిషన్ కాంపౌండు దగ్గర చెట్టు కింద బల్ల వేసుకుని సైన్యానికి మనుషుల్ని చేర్చుకుంటుంటే, టిక్కీ మోసినా తుపాకీ మోసినా బరువే కదా అని వేలిముద్ర వేసి వచ్చాడు. బర్మా అడవుల వైపు పంపారు. కొన్నాళ్ళకు ఆయన కనపడటం లేదని సర్కారు కాయితం వచ్చింది. చనిపోయాడని రాయలేదు. కనపడటం లేదంటే ఏమిటని మా తాత వెళ్ళి మిషన్ దొరసానిని అడిగితే ఆమె కాయితం మడిచి తిరిగి ఇచ్చేసిందట. తరవాత పింఛను మొదలైంది. పింఛను వచ్చిందంటే పోయినట్టే అని పెద్దలు తేల్చారు. అత్తకు అప్పటికి ఇరవై రెండో ఇరవై మూడో. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చేసింది. ఆ తరవాత జీవితమంతా మా ఇంట్లోనే, మిరపకాయల తొడిమలు తీస్తూ, పత్తి తీతలకు వెళ్తూ గడిపింది.

ఆ ఏడు సమాధుల పండగకి ఊరంతా శ్మశానంలో ఉంటే, అత్త సున్నం కుండ పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయిందని మా నాన్న చెప్పేవాడు. మా తాతముత్తాతల సమాధులకు వేయడానికి అన్నదమ్ములున్నారు. ఆవిడ వేయాల్సిన సమాధే లేదు. కుండ అలాగే ఇంటికి తిరిగొచ్చింది. మరుసటి ఏడు ఆవిడ గేటు దగ్గర ఆగలేదు. నేరుగా ఈశాన్యం మూలకు వెళ్ళి, నాగజెముడు నరికి, అక్కడున్న సిపాయి సమాధికి సున్నం వేయడం మొదలుపెట్టింది. దాన్ని అందరూ సిపాయి సమాధి అనేవాళ్ళు. మిషన్ రాకముందు, మా పల్లె కూడా లేనప్పుడు, ఈ దారిన పోతూ ఎవరో తెల్ల సిపాయి చచ్చిపోయాడనీ, తోటివాళ్ళు ఇక్కడ పూడ్చి ఇటుకతో కట్టి పైన నాపరాయి పరిచి వెళ్ళిపోయారనీ అంతవరకే తెలుసు. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. సాయంత్రం ప్రార్థనలకు వచ్చిన అప్పటి అయ్యగారు మాత్రం ఆ మూలకొచ్చి, కొవ్వొత్తి చూసి, టోపీ తీసి అక్కడా ప్రార్థన చేశాడట. ఆ తరవాత వచ్చిన అయ్యగార్లందరికీ అది మామూలైపోయింది.

చిన్నప్పుడు ఒకసారి నేనే అడిగాను, మామయ్య ఇందులో లేడుగా అత్తా అని. ఆవిడ కుంచె ఆపలేదు. "లేడురా. ఈయన్ని కన్నవాళ్ళు ఎక్కడున్నారో పాపం. ఈయనకి నేను వేస్తంటే, అక్కడ మీ మామయ్యకి ఎవరో ఒకరు వేస్తంటారు" అంది. ఆ లెక్కలో నాకు అప్పుడు లోపమేమీ కనపడలేదు. తరవాత చాలా చదువుకున్నాను. ఇప్పుడు కూడా కనపడటం లేదు.

ఎనభైల మధ్యలో, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో, ఒక స్కాట్లాండు పెద్దాయన మా ఊరొచ్చాడు. నేను అప్పటికి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. దొరగారొచ్చారు, మాట్లాడటానికి మనిషి కావాలని అయ్యగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి ఆయన చర్చి అరుగు మీద కూర్చుని వరసగా తుమ్ముతున్నాడు. ఊరి చుట్టూ ఎర్రగా ఎండుతున్న కాయల ఘాటు మాకు తెలియదు కానీ కొత్తవాళ్ళకు కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తుంది. ఆయన్ని చూసినవాళ్ళంతా ఎవరో చనిపోయిన బంధువు కోసం ఏడుస్తున్నాడనుకున్నారు. ఒక విధంగా అది నిజమే. పొడుగ్గా, బక్కగా, అరవై దాటిన మనిషి. వాళ్ళ ఊళ్ళో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. గుంటూరనుకుని నల్లపాడులో దిగిపోయి, అక్కడి రైల్వే వాళ్ళు ఇచ్చిన టీ తాగి, అదే గుంటూరనుకుని గంటసేపు ఊరు చూశాడట. ఊరు చిన్నదే కానీ మనుషులు మంచివాళ్ళు అన్నాడు. మీరు ఇంగ్లీషువారా అని అయ్యగారు అడిగితే మాత్రం ముఖం మారింది. ఒంగోలు వాళ్ళను మీది ఇంకా గుంటూరు జిల్లాయేగా అంటే ఎలా చూస్తారో అలా చూశాడు.

ఆయన వచ్చిన పని ఇది. వాళ్ళది స్కాట్లాండులో ఒక చిన్న భూస్వాముల కుటుంబం. భూమి పెద్దకొడుక్కే. మిగతావాళ్ళు కత్తి పట్టుకుని పరాయి రాజుల కొలువుకు వెళ్ళాలి. అలా తరతరాలుగా ఒకడు స్వీడన్ రాజు దగ్గరికి, ఇద్దరు హాలండుకు, ఒకడు రష్యా మహారాణి సైన్యంలోకి వెళ్ళారు. స్వదేశంలో తమవాళ్ళు నమ్ముకున్న రాజు ఓడిపోయాక కొందరు ఫ్రాన్సుకు పారిపోయి అక్కడి సైన్యంలో చేరారు. వాళ్ళలో ఆఖరి కుర్రాడు ఫ్రెంచి ఓడెక్కి మోటుపల్లి రేవులో దిగాడు. నిజాం తమ్ముడు గుంటూరు సీమను ఏలుతూ ఫ్రెంచివాళ్ళ దండును పోషించిన రోజులవి. ఆ కుర్రాడు ఆ దండులో చేరాడు. జ్వరం తగిలి గుంటూరు నుంచి మళ్ళీ సముద్రం వైపు బయలుదేరాడన్నదే అతని గురించి ఇంటికి అందిన చివరి కబురు. పెద్దాయన రిటైరైన దగ్గర్నుంచీ ఈ వంశం లెక్క తేల్చే పనిలో ఉన్నాడు. దేశదేశాల చర్చిల్లో తిరిగి అందరి ఆచూకీ పట్టుకున్నాడు, ఈ ఒక్కడిది తప్ప. గుంటూరుకూ మోటుపల్లికీ మధ్య పాత దారిలో ఉన్న తెల్లవాళ్ళ సమాధులన్నీ చూశాడు. మా ఊరిది ఆఖరిది. మర్నాడు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవాలి. పెళ్ళయింది కానీ పిల్లల్లేరు. తమ్ముడు పోయాడు. ఆ వంశావళి తనతో ఆగిపోతుందని ఆయన మామూలుగా, రైలు ఏ స్టేషన్లో ఆగుతుందో చెప్పినట్టు చెప్పాడు.

సిపాయి సమాధి సంగతి మా అత్తను అడగాలని అయ్యగారే మా ఇంటికి తీసుకొచ్చారు. వసారాలో అత్తా, ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళూ మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఆయన నులకమంచం మీద తన కాయితం పరిచాడు. మడతలు విప్పేకొద్దీ పెద్దదై మంచం పట్టీల మీదనుంచి కిందికి వేలాడింది. పై నుంచి కిందికి పేర్లు, గీతలు, దేశాలు. నేను చదివి తెలుగులో చెబుతుంటే ఆడవాళ్ళు చేతులాపకుండానే విన్నారు. పక్కింటి వదినకు అనుమానం వచ్చింది. "ఇంతమంది మగపిల్లల్ని కన్నారు, ఒక్కడికీ సొంతూళ్ళో పని దొరకలేదంటయ్యా?" అంది. భూమి పెద్దవాడికే ఇస్తారట అన్నాను. "అయితే మనోళ్ళు రంగం పోయినట్టే" అని తేల్చేసింది. రంగూన్‌ను మా పెద్దవాళ్ళు రంగం అనేవాళ్ళు. మా జిల్లాల నుంచి కూలికి ఓడెక్కి వెళ్ళిన వాళ్ళందరికీ అదే పరదేశం.

అత్త మాత్రం అంతా విని చివర్లో అడిగింది. గుళ్ళో క్రిస్మస్‌కు ముందు ఏసుప్రభువు వంశావళి చదువుతారు కదా, అందులో వరసన మగవాళ్ళ మధ్య ఆడవాళ్ళ పేర్లు కూడా వస్తాయి. "అందులో ఐదుగురన్నా ఉన్నారు. ఈయన కాయితంలో ఒక్క ఆడమనిషీ లేదేందిరా?" అంది. ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని కాయితం మళ్ళీ చూశాడు, ఎక్కడైనా ఉన్నారేమో అన్నట్టు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదన్నాడు. "రాయకపోతే కనలేదా ఏంది" అంది అత్త, కాయ తొడిమ తుంచి పారేస్తూ. అందరూ నవ్వారు. ఏమన్నారని ఆయన అడిగాడు. చెప్పాక ఆయనా నవ్వాడు, కానీ కొంచెం ఆలస్యంగా.

తరవాత అందరం శ్మశానానికి వెళ్ళాం. నాపరాయి మీద సున్నం వేలి మందాన పేరుకుపోయి ఉంది. అక్షరాలున్నాయో లేవో తెలియదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్కడక్కడా గుంటల్లా కనపడేవని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అంటే ఏటా శుభ్రం చేశామనుకుంటూనే మేం ఆ పేరును పూడ్చేశాం. పెద్దాయన చేత్తో తడిమి చూశాడు. సున్నం తీస్తే చదవొచ్చేమో, అనుమతి ఇస్తారా అని అడిగాడు. సంఘం పెద్దలు వెంటనే ఒప్పుకున్నారు. కుర్రాళ్ళు ఉలి, సుత్తి తెస్తామన్నారు. ఆయన మాత్రం ఆవిడ ఏమంటారో అడగమని నావైపు చూశాడు.

"తీస్తే పేరు కనపడిద్దా?" అంది అత్త.

కనపడొచ్చు అన్నాను. వీళ్ళవాడే అయితే తెలుస్తుంది, కాకపోతే ఇంకెవరిదో తెలుస్తుంది.

"అంటే ఎట్టా అయినా ఎవరో ఒకరిది అయిపోయిద్ది." పలక మీద చెయ్యి వేసి అంది. "ఇన్నాళ్ళూ ఎవరిదీ కాదు కాబట్టి నాదైందిరా."

ఇది ఆయనకు చెప్పాలా వద్దా అని తటపటాయించాను. ఆయన నా ముఖం చూస్తూనే ఉన్నాడు. చెప్పాను. మామయ్య సంగతి కూడా చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. స్థలం చర్చిది, ఆవిడను అడగక్కర్లేదని సంఘం పెద్ద ఒకాయన వచ్చీరాని ఇంగ్లీషులో స్వయంగా చెప్పబోయాడు. పెద్దాయన అడ్డంగా తల ఊపి, ఆవిడ ఒప్పుకోకపోతే తాను ముట్టుకోనన్నాడు. అత్త ఇంటికి నడిచింది. ఆ సాయంత్రం వంట చేసింది, నాకు వడ్డించింది, ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అక్కడ ఏం రాసుందో తెలుసుకోవాలని నాకు ఎంత కుతూహలంగా ఉందో ఆవిడకు తెలియకుండా ఉండదు.

తెల్లవారి నేను లేచేసరికి అత్త ఇంట్లో లేదు. శ్మశానానికి వెళ్ళి చూస్తే సమాధి మీద తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. పక్కన ముంతలో చింతపండు నానేసి ఉంది, కొబ్బరిపీచు ఉంది, ఒక చెక్కముక్క ఉంది. "ఇనుము తగలనియ్యను. నేనేసింది నేనే తీస్తా" అంది. ఎందుకు ఒప్పుకుందో ఆవిడే చెప్పింది. "ఈయన్ని కన్నవాళ్ళు ఎక్కడున్నారో అని ఇన్నేళ్ళూ నేనే అన్నా గదా. వచ్చినాక కాదంటానా?"

నానిన సున్నం మీద చింతపండు రుద్ది, చెక్కతో నెమ్మదిగా లేపితే పెచ్చులుగా వచ్చింది. ఆ పెచ్చులు కింద పడకుండా అత్త చాటలో వేసుకుంది. పెద్దాయన వచ్చి, షర్టు చేతులు మడిచి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ తీయమన్న చోట తీశాడు, ఆపమన్న చోట ఆపాడు. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా నా అవసరం పెద్దగా పడలేదు. పెచ్చులు అంచుల దగ్గర లేత నీలంగా ఉన్నాయి. ఏటేటా కలిపిన నీలిమందు అది. చుట్టూ ఊరు చేరింది. ఇంకాసేపట్లో పేరొస్తుందని కుర్రాళ్ళు పందేలు కూడా వేసుకున్నారు. ఎండ ముదిరేసరికి నీలం పొరలన్నీ అయిపోయాయి. దాని కింద ఇంకా సున్నం ఉంది. ఆ తెలుపు వేరు, పసుపురంగుకు తిరిగిన తెలుపు. పలక అంచు చుట్టూ, ఆ పాత తెలుపు మీద, వేలెడు వెడల్పున ఎర్రమట్టి పట్టీ ఉంది. పూర్వం ఆడవాళ్ళు ఇంటి గోడల అడుగున వేసేవాళ్ళే, అలాంటిది. చేత్తో వేసిన పట్టీ. ఒక మూల కొంచెం వంకర పోయింది.

అత్త చెక్కముక్క పక్కన పెట్టేసింది. "ఇది నేనేసింది కాదు" అంది.

ఎవరు వేశారని పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో వెళ్ళి వీధి చివరి ముసలమ్మను నడిపించుకొచ్చారు. అప్పటికి ఊళ్ళో అందరికంటే పెద్దది ఆవిడే. చూపు సరిగా ఆనేది కాదు. వంగి, ఆ పట్టీని వేలితో తడిమి, కాసేపటికి గుర్తుపట్టింది. తను పరికిణీ కట్టుకునే రోజుల్లో ఒకామె ఉండేదట. కొడుకు రంగం వెళ్ళి తిరిగి రాలేదు. ఓడ మునిగిందన్నారు, కాదు అక్కడే మన్నెం జ్వరంతో పోయాడన్నారు. ఆమె ప్రతి ఏడూ ఇక్కడికొచ్చి సున్నం వేసి ఎర్రపట్టీ దిద్దేదట. ఆమె పోయాక మూల అంతా జెముడు అల్లుకుపోయింది. మరి ఆమెకు ముందు ఎవరైనా వేసేవారా అని నేను అడిగాను. పట్టీ కింద కూడా సున్నం మందం కనపడుతూనే ఉంది, ఇంకా ముతకది, నలగని గుల్లపెంకులతో. "నాకేం తెలుసు నాయనా. ఎవరో ఒకరు లేకుండా ఉంటారా" అంది ముసలమ్మ. ఆ రంగం కొడుకు తల్లి పేరేమిటని అడిగితే, పేరు పెట్టి ఎవరూ పిలవలేదనీ, ఫలానావాడి అమ్మ అనే అనేవాళ్ళనీ చెప్పింది.

అత్త లేచి ముంతలో మిగిలిన నీళ్ళతో చేతులు కడుక్కుంది. నాతో అంది, కానీ అందరికీ వినపడేటట్టే అంది. "నావి నేను తీశాను. కిందవి నావి కావు. ఆ తల్లిది తీయాలంటే ఆ తల్లిని అడగాలి. ఎవరున్నారని అడుగుతాం?"

కుర్రాళ్ళు గొణిగారు. ఇంకొంచెమేగా అన్నాడు సంఘం పెద్ద. అయ్యగారు కూడా, దొరగారు అంత దూరం నుంచి వచ్చారమ్మా అన్నారు. ఆ మాట నిజం. ఆయనకు ఆ సాయంత్రం బస్సుంది. మళ్ళీ వచ్చే వయసూ కాదు. పలక మీద గుంటలు మునుపటికంటే బాగా కనపడుతున్నాయి. చూసినవాళ్ళు ఏ అక్షరం కావాలంటే ఆ అక్షరం చదువుకునేట్టున్నాయి. నేను అత్త మాట, ముసలమ్మ మాట, ఏదీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మోకాళ్ళ మీదే ముందుకు వంగాడు. ఆ వంకర పోయిన చోట పట్టీని వేలితో తాకాడు. తరవాత, ఫ్రాన్సు నుంచి ఓడెక్కిన తమ కుర్రాడికి కూడా తల్లి ఉండే ఉంటుందనీ, ఆవిడ పేరు తనకు తెలియదనీ, తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదనీ అన్నాడు. లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకోకుండానే, అత్త దగ్గర ఇంకా సున్నం ఉందేమో అడగమన్నాడు.

పండగకు మిగిలిన సున్నం అత్త నీళ్ళ కింద దాచి ఉంచేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కుండ తెచ్చింది. చాటలో పెట్టుకున్న పెచ్చులు కూడా నలిపి అందులోనే కలిపింది. నీలిమందు వేసింది. ఆయన బూట్లు విప్పి, కుంచె అడిగి పుచ్చుకుని ఒక పక్క వేశాడు. అలవాటు లేని చెయ్యి, చారలు పడ్డాయి. "చుక్కలు పడతన్నాయి, చొక్కా చూసుకోమను" అంది అత్త. ఎర్రపట్టీ మీదికి వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి ఆగారు. అత్త నన్ను ఎర్రమట్టి తెమ్మని పంపింది. సున్నం వేశాక, పాత పట్టీ ఉన్న చోటే కొత్త పట్టీ తనే దిద్దింది. ఆ తరవాత ఏటా అలాగే దిద్దేది.

బస్సు కోసం నిలబడినప్పుడు ఆయన నన్ను ఒక మాట అడిగాడు. యుద్ధాల్లో కనపడకుండా పోయిన సైనికుల పేర్లు రాతి గోడల మీద చెక్కించి ఉంటారనీ, మామయ్య పేరు చెబితే ఏ గోడ మీద ఉందో వెతికించి ఫోటో పంపిస్తాననీ, ఆవిడకు తన రుణం కొంతైనా తీరుతుందనీ అన్నాడు. పక్కనే ఉన్న అత్తకు చెప్పాను. మా పెద్దవాళ్ళలో భార్య భర్త పేరు నోటితో అనదు. ఆవిడ అనగా నేనెప్పుడూ వినలేదు.

"పేరు నాకు తెలుసుగా నాయనా" అంది. "అక్కడ ఇంత సున్నం వేసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో, అది కనుక్కోమను."

ఆయన తల ఊపాడు. బస్సెక్కేటప్పుడు ఆ వంశావళి చుట్ట చంకలో ఉంది. అందులో ఆ కుర్రాడి పేరు కింద చోటు ఖాళీగానే ఉంచుతానని నాతో చెప్పాడు. కనుక్కోలేకపోయానని అనుకుంటారేమో, అనుకోనీ అన్నాడు.

ఆ సంవత్సరం చివర్లో జాబు రాశాడు. కనుక్కున్నాడు. బర్మాలో ఆ సైనికుల గోడల దగ్గర సున్నం వేయరు. గడ్డి కోసి, రాళ్ళను నీళ్ళతో కడుగుతారు, ఆ పనికి మనుషులున్నారు. చదివి వినిపించాను. "కడుగుతున్నారుగా. సరే" అంది అత్త. తరవాత కొన్నేళ్ళు క్రిస్మస్‌కు ఆయన దగ్గర నుంచి కార్డు వచ్చేది. ఒక ఏడు రాలేదు. తరవాతి నవంబరులో అత్త సిపాయి సమాధి మీద ఒక కొవ్వొత్తి ఎక్కువ పెట్టింది.

మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ ఆవిడే వేసింది. తరవాత ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను వేశాను, పట్టీ మాత్రం వంగి తనే దిద్దుకునేది. గుల్లసున్నం బండ్లు రావడం మానేశాక కొన్నాళ్ళు ఒంగోలు నుంచి తెప్పించాను. అత్త మంచానపడ్డాక ఆగిపోయింది. ఈలోగా శ్మశానం మారిపోయింది. గల్ఫుకు వెళ్ళినవాళ్ళు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు తమవాళ్ళకు గ్రానైటు వేయించారు. సమాధులన్నీ నున్నగా నల్లగా ఉన్నాయి, పేర్లు దూరం నుంచే చదవొచ్చు. అత్తకు కూడా గ్రానైటే వేయించాం. తమ్ముడి పిల్లలు డబ్బులు పంపారు, కాదనడానికి నా దగ్గర కారణం లేదు. సిపాయి సమాధి ఒక్కటే పాడుపడి ఉందనీ, చూడటానికి బాగాలేదనీ సంఘం వాళ్ళు రెండేళ్ళ కింద దానికి తెల్ల టైల్స్ వేయించారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. నీలం పొరలు, ఎర్రపట్టీ, పసుపురంగుకు తిరిగిన తెలుపు, గుల్లపెంకుల ముతక సున్నం, దాని అడుగున ఏదైనా ఉంటే ఆ పేరు, అన్నీ ఆ టైల్స్ కింద అలాగే ఉన్నాయి.

శనివారం సాయంత్రం తాంబూలం సున్నం డబ్బాలన్నీ ఒక గిన్నెలోకి తీసి, నీళ్ళు పోసి, నీలిమందు కలిపి తీసుకెళ్ళాను. అత్త సమాధి మీద ఒక మూల వేసి చూశాను. గ్రానైటుకు సున్నం పట్టదు. గీతలుగా జారి కిందికి వచ్చేసింది. తడిగుడ్డతో తుడిచేశాను. సిపాయి టైల్స్ మీద వేసినా అంతేనని తెలిసి కూడా వేశాను. అదీ జారింది. పక్క సమాధి దగ్గర బంతిపూలు సర్దుకుంటున్న అమ్మాయి నన్ను చూసి, "మీవాళ్ళకి వేశారా తాతయ్యా?" అంది. ఆ మాట మాత్రం ఇంకా అలాగే ఉంది. వేశానమ్మా అన్నాను.

నలభై ఏళ్ళ సున్నం తీయడానికి ఒక పూట పట్టింది, ఇక ముందు తీయడానికి ఎవరికీ ఏమీ ఉండదు. మా ఊళ్ళో ఇప్పుడు సమాధులకు సున్నం వేయడం లేదు.